పొలమారిన పేరు

నాకు కోపం ఎక్కువని మా కూలీల ముఠాలో ఆడవాళ్ళందరూ అంటారు. ఎక్కువే. మిరపకాయల మధ్య పుట్టి, మిరపకాయల మధ్యే పెరిగినదానికి తియ్యటి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇప్పుడు చెప్పేదంతా నాకే జరిగింది. కాదనేవాళ్ళుంటే నా ఎదురుగా వచ్చి చెప్పమనండి.

మాది దర్శి దగ్గర పల్లెటూరు. మిర్చి కాలంలో ముఠాని వెంటబెట్టుకుని ముచ్చికలు తీసే పనికి పోతాను. ఎండుమిరపకాయకు తోక ఉంటుందే, అదే ముచ్చిక. దాన్ని బొటనవేలితో గిల్లి పారేయడమే పని. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. పొద్దుగూకేదాకా గిల్లితే వేళ్ళ చివర్లు భగభగమంటాయి, మజ్జిగలో ముంచినా చల్లారవు. ఏళ్ళ తరబడి గిల్లితే వేలి మీద గీతలే మిగలవు. అందుకే నా వేలు పెడితే రేషన్ మిషన్ ఒప్పుకోదు. కొబ్బరినూనె రాసి, కొంగుతో తుడిచి, నొక్కి నొక్కి, చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకునేదాన్ని. కష్టం చేసిన వేలిని మిషన్ నమ్మదు. దాన్ని కనిపెట్టినవాడు జన్మలో ఒక్క మిరపకాయ గిల్లి ఉండడు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో క్యారియర్లు విప్పుకుని కూర్చున్నాం. గాలికి మిరప దుమ్ము లేస్తోంది, ఒకళ్ళు తుమ్మితే పదిమంది తుమ్ముతున్నారు. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న షహనాజ్ నా నెత్తి మీద తట్టింది.

"ఎవరో తలుచుకుంటన్నార్లే రావమ్మక్కా!"

"నన్ను తలుచుకునేవాడు ఎప్పుడో పైకి పోయాడు. ఇంకెవడే?" అన్నాను. బతికున్నప్పుడే తలుచుకోని మా ఆయన సంగతి తెలిసినవాళ్ళే కాబట్టి అందరూ నవ్వారు.

అప్పుడే ఫోన్ మోగింది. మెసేజ్. వెంకటరావమ్మ గారూ, ఈ నెల మీ రేషన్ బియ్యం తీసుకున్నారు, ధన్యవాదాలు అని. నేను షెడ్డులో ఉన్నాను. నా కార్డు ఇంట్లో ఉంది. నా వేలు నా చేతికే ఉంది. మరి తీసుకున్నదెవరు?

సాయంత్రం పని దిగి నేరుగా రేషన్ డీలర్ అంకమ్మరావు దగ్గరకు పోయి ఊరంతా వినబడేలా అరిచాను. అతను నోరు తెరిచి నావైపు చూశాడు.

"అదేందమ్మా, మధ్యాహ్నం నువ్వే వచ్చి తీసుకుపోయావు గదా!"

"నేనా? మధ్యాహ్నం నేను షెడ్డులో ముద్ద మింగలేక చస్తన్నా!"

"నీ వేలే పడిందమ్మా. ఇదిగో చూడు. ఎప్పుడూ లేంది ఒక్కసారికే పడింది. నేనే ఆశ్చర్యపోయా. తల దించుకునే ఉన్నావు. ఒకటే దగ్గు. పలకరిస్తే పలకలా." గొంతు తగ్గించాడు. "నీ చీర తడిసిపోయి ఉంది. ఎండాకాలంలో యాడ తడిశావా అనుకున్నా."

వీడే దొంగ, తప్పించుకోవడానికి కథలల్లుతున్నాడు అనుకున్నాను. తిట్టాల్సినవన్నీ తిట్టి వచ్చాను.

మర్నాడు మంచినీళ్ళు తాగుతుంటే పొలమారింది. ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడ్డాను. తేరుకుని ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. సిమ్ తీసి పెట్టినా, ఫోన్ ఆపి వేసినా అంతే.

దర్శిలో ఇలియాస్ అని ఫోన్ల షాపు కుర్రాడున్నాడు. అక్కా అని ప్రేమగా పిలుస్తాడు, పని తెలిసినవాడు. కంప్యూటర్లో చూసి మొహం మాడ్చాడు.

"అక్కా, ఒంగోల్లో నీ పేరు మీద కొత్త సిమ్ తీసుకున్నారు. అందుకే నీ దగ్గరున్న సిమ్ చచ్చిపోయింది. ఇంక నీకొచ్చే ఓటీపీలన్నీ ఆవిడకే పోతయ్."

"ఆవిడా?"

"షాపు వాడికి ఫోన్ చేసి అడిగా. ఆడమనిషే అంట. వేలిముద్ర వేసిందంట."

ఆ తర్వాత ఇలియాస్ పాపం చాలా చేశాడు. ఇట్లాంటి మోసాలు చెప్పుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి కంప్లయింట్ రాయించాడు. బ్యాంకుకు చెప్పి నా ఖాతా ఆపించాడు. నా పేరు మీద ఇంకెన్ని సిమ్‌లు ఉన్నాయో వెతికాడు. ఇక ఎవరూ నా వేలు వాడకుండా ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేయాలన్నాడు. తాళం వేయాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ రావాలంటే నా సిమ్ నాకు రావాలి. సిమ్ రావాలంటే నా వేలు పడాలి. నా వేలు పడదు! దొంగ నా పేరు ఎత్తుకుపోవడానికి ఒక్క వేలు చాలింది. నా పేరు నేను తెచ్చుకోవడానికి మాత్రం నేను నేనేనని కనబడిన ప్రతివాడికీ ఒట్టేసి చెప్పుకోవాలి. ఒళ్ళు మండిపోయింది. చివరికి కన్ను చూపిస్తే మిషన్ ఒప్పుకుంది.

"సాయంత్రానికి సిమ్ పనిచేసిద్ది అక్కా. అప్పుడు తాళం వేసేద్దాం. ఈలోపు ఎవరు ఏం అడిగినా చెప్పమాక." వచ్చేటప్పుడు ఇలియాస్ నన్ను పక్కకు పిలిచాడు. "ఇంకోమాట. ఇది బయటోళ్ళ పని కాదు. నీ పుట్టిన తేదీ, మీ నాన్న పేరు, మీ నాయనమ్మ పేరు కూడా తడుముకోకుండా చెప్పిందంట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ ఇంట్లో ఎవరో అడుగు."

మా ఇంట్లో ఎవరున్నారు? నేను, మా అమ్మ సుబ్బరావమ్మ. కూతురు భవ్య ఒంగోలు హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. మా అమ్మకు ఫోన్ ఎత్తడమే రాదు, ఇక సిమ్‌లు దొంగిలిస్తుందా?

అయినా అడిగాను. వాకిట్లో మంచం మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది. కరెంటు అప్పుడే పోయింది.

"అమ్మా, నా పుట్టిన తేదీ ఎవరికి తెలుసే?"

మా ఊళ్ళో సగం మంది జూన్ ఒకటో తేదీన పుట్టినవాళ్ళే. స్కూల్లో వేసేటప్పుడు పంతులు వేసిన తేదీలు అవి. నాకు మాత్రం అసలైన తేదీ ఉంది, ఆస్పత్రి కాగితంతో సహా. చిన్నప్పుడు దానికి ఎంత గొప్పలు పోయేదాన్నో. ఆ తేదీ పైకి చదివాను. అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"ఎవరో దాన్ని చెప్పి నా సిమ్ తీసుకుందమ్మా. వెంకటరావమ్మని నేనే అందంట."

అమ్మ చేట పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆ తేదీ నీది కాదే, పుల్లీ."

నన్ను పుల్లీ అని పిలిచేది మా అమ్మ ఒక్కతే. పుల్లమ్మ. ఆ పేరంటే నాకు మంట. రికార్డులో వెంకటరావమ్మని చక్కటి పేరుంటే ఈ ఎంగిలాకుల పేరేమిటని దెబ్బలాడేదాన్ని. ఎందుకు పెట్టారో ఆ సాయంత్రం దాకా నాకెవరూ చెప్పలేదు.

"నీకన్నా ముందు ఒకత్తి పుట్టింది. దాని పేరు వెంకటరావమ్మ. మీ నాయనమ్మ పేరు పెట్టుకున్నాం. నాలుగేళ్ళ పిల్ల. కల్లంలో కాయ ఆరబోసి ఉంది. ఇట్టాగే మబ్బు పట్టింది. చినుకు పడితే కాయంతా తాలయిపోద్దని అందరం ఉరికాం. కాయ కుప్పజేసి పట్టా కప్పేశాం. పిల్ల ఇంటికాడుంది అనుకున్నా నేను. నా దగ్గరుంది అనుకున్నాడు మీ నాన్న." అమ్మ కల్లం ఉన్న వైపు చూసింది. "అది కాయల్లోనే పడుకుని నిద్రపోయింది... తెల్లారినాక పట్టా తీశాం."

కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"నువ్వు పుట్టినాక నీ మీద చావు కన్ను పడకూడదని పెంటకుప్ప మీద పుల్లాకుల్లో పడుకోబెట్టి పుల్లమ్మని పెట్టాం. స్కూల్లో వేసేటప్పుడు పుట్టిన కాగితం తెమ్మన్నారు. నీకు లేదు. దానికుంది. ఒక తల్లి పిల్లలేగా అని మీ నాన్న అదే ఇచ్చాడు."

"ఇప్పుడా చెప్పేది?" అరిచాను. "నా పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్ల ఎదిగింది... ఇప్పుడా? మనకున్న కాస్త కాయ ఆ పాత కల్లంలోనే పోస్తానంటే నెలనాడు వద్దని ఏడిచావే, అప్పుడన్నా చెప్పొచ్చుగా!"

"దాని పేరు నోటితో అనలేకపోయానే," అంది అమ్మ. "ఆ పేరుతో నిన్ను ఒక్కనాడు పిలిచానా?"

నిజమే. ఒక్కనాడూ పిలవలేదు. రెండు రోజులుగా దొంగ, దొంగ అని ఊరంతా అరిచాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది నా బతుకు.

ఇంకా ఏదో అనబోయాను. పొలమారింది. నోట్లో అన్నం లేదు, నీళ్ళు లేవు. అయినా గొంతు పట్టేసింది. ముక్కులో నుంచి మిరప ఘాటు లోపలికి దిగుతోంది. కింద కూలబడి దగ్గుతుంటే చేతిలో ఫోన్‌కు ప్రాణం వచ్చింది. ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అన్నిటికన్నా కింద హాస్టల్ వాళ్ళది ఉంది.

భవ్యను తల్లి వెంకటరావమ్మ గారు ఇంటికి తీసుకువెళ్ళారు.

మధ్యాహ్నం పంపిన మెసేజ్ అది.

ఆ హాస్టల్లో తల్లి వేలిముద్ర పడితేనే పిల్లని గేటు దాటిస్తారు. ఎవరు పడితే వాళ్ళు తీసుకుపోకుండా మంచి పద్ధతి పెట్టారని నేనే మెచ్చుకున్నాను. నా వేలు పడదు కాబట్టి వార్డెన్ జయకుమారి మేడమ్ నా మొహం చూసి పంపిస్తూ ఉండేది. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"అదేంటండీ, మీరే కదా వచ్చింది! ఈసారి మీ వేలు ఒక్కసారికే పడిందని నేనే సంతోషించాను. జలుబు చేసినట్టుంది, దగ్గుతున్నారు. అయ్యో, మళ్ళీ ఏమైందండీ? భవ్య బాగానే..."

ఫోన్ కట్ చేశాను. నా కూతుర్ని ఎక్కడికి తీసుకుపోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మకూ అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కల్లం వైపు పరిగెత్తాను.

దారంతా పత్తి చేలు. పీకేసిన కట్టె గట్ల మీద మోపులు మోపులుగా పడి ఉంది. గాలి ఎదురు కొడుతోంది. పొద్దు ఇంకా పూర్తిగా కుంగలేదు, కానీ మబ్బుకు ఏమీ కనబడటం లేదు. కూలీలు వాన వస్తుందని కాయ కుప్పజేసి, నీలం పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి ముందే వెళ్ళిపోయారు. కల్లంలో మనిషన్నవాడు లేడు. తడిమట్టి వాసన. దాని మీద మిరప ఘాటు. ఆ రెంటి కింద ఇంకేదో వాసన... ఎన్నో ఏళ్ళు మూసిపెట్టిన గది తలుపు తీసినట్టు.

కుప్ప ముందు భవ్య చెప్పులు ఉన్నాయి. పక్కపక్కన, బుద్ధిగా విప్పి పెట్టినట్టు.

"భవ్యా!"

పట్టా కింద ఎవరో దగ్గారు. చిన్న దగ్గు. ఆ వెంటనే ఇంకో దగ్గు... దానికంటే చిన్నది.

రాళ్ళు లాగి పారేశాను. పట్టా ఎత్తి, కాయల మీద పాక్కుంటూ లోపలికి పోయాను. నాకు భయం లేదనను. కానీ భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. నా బియ్యం తీసుకుంటే తీసుకుంది. నా ఫోన్ తీసుకుంటే తీసుకుంది. నా బిడ్డ జోలికి వస్తుందా!

లోపల చీకటి. పట్టా మీద చినుకులు టపటపమంటున్నాయి. కళ్ళు తెరవలేను. ఊపిరి తీస్తే ఘాటు, తీయకపోతే చావు. చేతులతో తడుముతున్నాను. కాయలు... కాయలు... కాయలు.

"భవ్యా..."

"అమ్మా, ఇక్కడే ఉన్నా." భవ్య గొంతు. నిద్రలో మాట్లాడుతున్నట్టుంది. "నువ్వే కదమ్మా పడుకోమన్నావు..."

"నేను కాదు తల్లీ. అది నేను కాదు. లే..."

"నువ్వు కాకపోతే ఎవరు?" అంది ఇంకో గొంతు.

నా చెవి పక్కనే. నా గొంతే. కానీ మాట ముద్దగా ఉంది, అప్పుడప్పుడే మాటలు నేర్చిన పిల్లలా.

"పేరు ఎవరిది?" అని అడిగింది.

"నీదే," అన్నాను. "తీసుకో. నాకొద్దు. పిల్లని ఇచ్చెయ్."

"పిల్ల కాగితంలో... తల్లి పేరు ఎవరిది?"

ఏ కాగితం తీసినా ఒకటే ఉంటుంది. తల్లి: వెంకటరావమ్మ. పుల్లమ్మకు కూతురు ఉన్నట్టు ఈ లోకంలో ఎక్కడా రాసి లేదు. పేరు వదులుకుంటే బిడ్డ కూడా దానిదే అవుతుంది.

"కాగితం సంగతి నాకొద్దే!" నా గొంతు చీరుకుపోయింది. "కన్నది నేను. నీ పేరు మోసుకుంటూ ఇన్నేళ్ళు కాయలు గిల్లింది నా వేళ్ళు. నువ్వు ఒక్క కాయ గిల్లావా? ఒక్కరోజు చెయ్యి మండి ఏడ్చావా? పోయినదానివి పోయినట్టుండక..."

"నన్ను ఎవరూ తలుచుకోలేదు."

అది ఏడవలేదు. కోపంగా అంది. నా కోపం లాంటిదే, ఇంకా పాతది.

"ఒక్కసారి కూడా... నాకు పొలమారలేదు. నా పేరు పిలిచినప్పుడల్లా... నువ్వు పలికావు."

నేను భవ్య జడ దొరకబుచ్చుకున్నాను. భుజం దొరికింది. గుండెకు అదుముకుని వెనక్కి పాకడం మొదలుపెట్టాను. అప్పుడు ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంది. చిన్నది. తడిగా, చల్లగా, మెత్తగా ఉంది. వదిలించుకోబోయాను. వదల్లేదు. నా పిడికిలి విప్పింది. ఒక్కొక్క వేలే తడిమింది... బొటనవేలు దగ్గర ఆగింది. తన బొటనవేలు నా వేలికి ఆనించింది.

మిషన్ మీద పెట్టి నొక్కినట్టు... గట్టిగా నొక్కింది.

గొంతులో ఘాటు ఒక్కసారిగా పోయింది.

ఆ తర్వాత గుర్తున్నది వాన. భవ్యను ఎత్తుకుని కల్లం మధ్య నిలబడి ఉన్నాను. చీర తడిసి ఒంటికి అతుక్కుంది. గట్టు మీద అమ్మ టార్చిలైటు ఊపుతూ అరుస్తోంది.

"పుల్లీ! ఓ పుల్లీ! పలకవేందే!"

నేను వెంటనే పలకలేదు. పిలిచేది నన్నేనని తెలియడానికి కాస్త టైం పట్టింది.

మర్నాడు ఊళ్ళోవాళ్ళు కుప్ప మొత్తం తిరగేశారు. అడుగున ఏమీ లేదు. ఎవరో దొంగది పిల్లను ఎత్తుకొచ్చి, భయపడి వదిలేసి పోయిందని తేల్చారు. పోలీసులూ అదే రాసుకున్నారు. భవ్యకు ఏదీ సరిగ్గా గుర్తులేదు. అమ్మ వచ్చింది, అమ్మతో బస్సెక్కాను, అమ్మ పక్కన పడుకున్నాను అంటుంది.

ఇలియాస్ దగ్గరకు పోయి మిగిలిన పని పూర్తి చేసుకున్నాను. ఒంగోలు సిమ్ ఆపేశారు. ఖాతా తెరిచారు. చివరికి వేలు పెట్టమన్నాడు. పెట్టాను. మిషన్ కూత కూసి పచ్చ లైటు వెలిగించింది.

"ఒక్కసారికే పడిందే అక్కా!" అని సంబరపడ్డాడు. "ఇదిగో, తాళం వేసేశా. ఇంక నీ పేరు జోలికి ఎవరూ రాలేరు."

దారిలో బొటనవేలు చూసుకున్నాను. గీతలన్నీ ఉన్నాయి. సన్నగా, వరసగా, చంటిపిల్ల వేలికి ఉన్నట్టు. కాయ గిల్లినా ఇప్పుడు చేతులు మండటం లేదు. ముఠాలో వాళ్ళు అదృష్టవంతురాలివి అంటున్నారు.

నాకు ఒళ్ళు మండేది మా అమ్మను చూస్తేనే. ఆ రాత్రి నుంచి నన్ను పేరు పెట్టి పిలవదు. నేను వడ్డిస్తే కంచం వైపు చూస్తుంది తప్ప నా మొహం చూడదు. ఏమిటే అని గద్దిస్తే మాట మారుస్తుంది. కన్నతల్లి అయ్యుండి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, వెంకటరావమ్మా అని నోరారా పిలిస్తే దాని సొమ్మేం పోయింది?

భవ్యకు ఇప్పుడు వేసవి సెలవులు. ఇక హాస్టలు వద్దని ఇంట్లోనే ఉంచుకున్నాను. నిన్న రాత్రి ముగ్గురం అన్నాలకు కూర్చున్నాం. మొదటి ముద్దకే భవ్యకు పొలమారింది. కల్లం నుంచి వచ్చిన దగ్గర్నుంచి రోజూ ఇంతే. మొహం ఎర్రబడి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నెత్తి మీద తట్టాను.

"ఎవరో తలుచుకుంటున్నార్లే."

"ఎవరమ్మా?" అంది, దగ్గు మధ్యలో. "నాన్న లేడు. అమ్మమ్మ ఇక్కడే ఉంది. నువ్వూ ఇక్కడే ఉన్నావు. నన్ను ఇంతలా తలుచుకునేది ఇంకెవరు?"

అమ్మ కంచం పక్కకు జరిపి లేచింది. నావైపు చూడకుండా వాకిట్లోకి పోయి, కల్లం వైపు తిరిగి నిలబడింది.

"పుల్లీ..." అని చీకట్లోకి మెల్లగా పిలిచింది.

భవ్యకు మళ్ళీ పొలమారింది.